ఆ పట్టకారు ఇటివ్వండి

మా ఇంట్లో ఒక పాత ఒప్పందం ఉంది. ఎవరూ కాగితం మీద రాసుకోలేదు, సంతకాలూ లేవు. వంటింట్లో స్టవ్వు నాది, పెరట్లో బొగ్గుల గ్రిల్లు మావారిది. ఏడాది పొడుగునా నేను వండితే ఎవరూ చప్పట్లు కొట్టరు. మావారు ఓ ఐదారు శనివారాలు ఆప్రాన్ కట్టుకుని పెరట్లో నిలబడితే మాత్రం వచ్చినవాళ్ళంతా ఫోన్లు బయటికి తీస్తారు. ముందురోజు రాత్రి చికెన్‌కి పెరుగూ అల్లంవెల్లుల్లీ పట్టించిందెవరు, ఉల్లిపాయలు కోసిందెవరు, మర్నాడు ఆ జిడ్డు జల్లెడ తోమేదెవరు అని అడిగిన పాపాన పోరు. మీ ఇళ్ళలోనూ ఇంతేనా?

డాలస్ పక్కన ఊళ్ళో పదకొండేళ్ళుగా ఉంటున్నాం. ఇన్నాళ్ళూ ఈ ఒప్పందం మీద నాకు పెద్ద ఫిర్యాదేమీ లేదు. ఎండలో ఆ సెగ దగ్గర నిలబడే పని ఒకటి తప్పిందిలే అనుకునేదాన్ని. మొన్న ఏప్రిల్‌లో పిల్లాడి పుట్టినరోజు తర్వాత మాత్రం మనసు మార్చుకున్నాను. నిప్పు సంగతి మగవాళ్ళకి వదిలేసి మనం రైతా కలుపుకుంటూ కూర్చోవడం మంచిది కాదని ఇప్పుడు గట్టిగా అనుకుంటున్నాను. ఎందుకో చెప్తాను.

ఆ రోజు పదిహేను మందిని పిలిచాం. అంతకు వారం ముందు మావారు ఎక్కడో వీడియో చూశారు. రెండు మూడు రకాల బొగ్గులు కలిపితే దేని గుణం దానికి వచ్చి గ్రిల్లింగ్ అదిరిపోతుందట. అందుకని కొత్తగా ఒక సంచీ మెస్కీట్ ముక్కల బొగ్గు తెచ్చారు. ఇంట్లో ఉన్న బిళ్ళల బొగ్గు సంచీ విప్పారు. పోయినేడు మిగిలిన, అగ్గిపుల్ల గీస్తే చాలు అంటుకునే నూనె బొగ్గు కూడా అడుగున కాస్త ఉంటే అదీ తీశారు. మూడూ కలిపి గ్రిల్లులో కుమ్మరించారు. అన్నంలో పప్పూ పచ్చడీ ఒకేసారి కలిపేసినట్టు.

"ఏవండీ, దేనికది వేరుగా రాజేస్తే నయమేమో" అన్నాను.

"నీకు తెలీదులే, ఇది బార్బెక్యూ. నువ్వు లోపల సంగతి చూడు" అన్నారు.

సరే, లోపల సంగతి చూశాను. బయట సంగతి ఇలా జరిగింది. మొదట నూనె బొగ్గు భగ్గుమంది. దాని వెంటే ముక్కల బొగ్గు అంటుకుని నిప్పురవ్వలు చిమ్మింది. మావారు సంతోషంగా చికెన్ పరిచేశారు. పావుగంటలో పైన నల్లగా మాడింది, లోపల ఎముక దగ్గర పచ్చిగా ఉంది, కిరసనాయిలు లాంటి వాసనొకటి అదనం. ముక్కల బొగ్గు జోరు తగ్గేసరికి బిళ్ళలు అప్పుడప్పుడే మూలల్లో తెల్లబడుతున్నాయి. రెండో వాయి చికెన్‌కి సెగ చాలలేదు. మళ్ళీ బొగ్గు పోశారు, మళ్ళీ పొగ. ఎనిమిదిన్నర అయినా పిల్లల ప్లేట్లలో చిప్స్ తప్ప ఏమీ లేవు. ఈలోగా ఉరుములు మొదలయ్యాయి. వాన సంగతి తర్వాత చెప్తాను. ముందు ఆ బొగ్గులు ఎందుకు అలా చేశాయో చూద్దాం.

మా అమ్మమ్మ వాళ్ళది కందుకూరు దగ్గర పల్లె. ఊరు దాటితే చూసినంత మేరా చిల్లచెట్లే. సర్కారు తుమ్మ అంటారు కొన్ని చోట్ల. ఊరి బయట బొగ్గుల బట్టీలుండేవి. చిల్లమొద్దులు పేర్చి, పైన ఆకూ అలమూ మట్టీ కప్పి, గాలి సరిగా ఆడనివ్వకుండా రోజుల తరబడి మగ్గబెట్టేవాళ్ళు. ఆ బట్టీల దగ్గర పనిచేసే ఆడవాళ్ళ కళ్ళు ఎప్పుడు చూసినా ఎర్రగానే ఉండేవి. ఇక్కడికొచ్చాక, ఈ టెక్సస్ వాళ్ళు గొప్పగా చెప్పుకునే మెస్కీట్ చెట్టును మొదటిసారి దగ్గర్నుంచి చూసి, ఆకూ ముల్లూ చూడగానే "ఇది మా చిల్లచెట్టే కదా!" అనుకున్నాను. తర్వాత చదివితే తెలిసింది, రెండూ ఒక జాతికి చెందిన అక్కచెల్లెళ్ళే. మన దేశానికి ఆ చెట్టు పంతొమ్మిదో శతాబ్దంలో ఈ అమెరికా ఖండాల వైపు నుంచే వచ్చిందట. బుద్ధులు కూడా ఒకటే. వేడెక్కువ, చిటపటలెక్కువ. నా చిన్నప్పటి పట్టుపావడా మీద కుంపటి రవ్వ పడి చేసిన చిల్లు ఇంకా గుర్తుంది నాకు.

అమ్మమ్మ దగ్గర కుంపటికి మూడు రకాల సరంజామా ఉండేది. కొబ్బరి చిప్పలు, చిల్లబొగ్గు, పిడకలు. మూడూ వాడేది, కానీ ఎప్పుడూ కుమ్మరించేది కాదు. ముందు కొబ్బరిపీచు, దాని మీద చిప్ప ముక్కలు వేసి రాజేసేది. అవి అంటుకున్నాక చిన్న బొగ్గులు, అవి ఎర్రబడ్డాక పెద్ద బొగ్గులు. అంతా కణకణలాడాక గానీ గిన్నె ఎక్కించేది కాదు. సెగ తగ్గాలంటే మీద కాస్త బూడిద జల్లేది, పెరగాలంటే విసనకర్ర. పాలు కాగడానికి మాత్రం కుంపటి కాదు, పెరట్లో దాలి. పిడకల మీద పొద్దున పెట్టిన పాలకుండ సాయంత్రానికి ఎర్రటి మీగడ కట్టేది. ఇక్కడ వీళ్ళు "లో అండ్ స్లో" అని పుస్తకాలు రాసే పని అదే. మా అమ్మమ్మ దానికి పేరేమీ పెట్టలేదు.

ఆవిడ ఎప్పుడూ రెండే ప్రశ్నలు వేసుకునేది. ఈ వంటకి ఎంత సెగ కావాలి? ఎంతసేపు కావాలి? బొగ్గు ఏదైనా, దేశం ఏదైనా ఈ రెండు ప్రశ్నలకి జవాబు తెలిస్తే చాలు, ఏది దేనితో కలపాలో అదే తెలుస్తుంది.

ఇక్కడి బజార్లో దొరికే బొగ్గులు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి ముక్కల బొగ్గు, లంప్ అంటారు. అచ్చంగా కట్టెను బొగ్గు చేసిందే. తొందరగా అంటుకుంటుంది, బాగా వేడెక్కుతుంది, బూడిద తక్కువ, తొందరగా అయిపోతుంది కూడా. ముక్కలు ఒకటి పిడికెడుంటే ఒకటి గోలీకాయంత ఉంటుంది కాబట్టి సెగ ఒక చోట ఉన్నట్టు ఇంకోచోట ఉండదు. రెండోది బిళ్ళల బొగ్గు, బ్రికెట్లు. బొగ్గుపొడి, రంపపుపొట్టు లాంటివి గంజిపిండితో కలిపి అచ్చుల్లో ఒత్తుతారు. 1920ల్లో హెన్రీ ఫోర్డ్ కార్ల తయారీలో మిగిలిపోయిన చెక్కను పారేయకుండా మిషిగన్‌లో ఈ బిళ్ళలు చేయించి అమ్మాడు. రాత్రి మిగిలిన అన్నాన్ని పొద్దున పులిహోర చేసే బుద్ధే అది. బిళ్ళలన్నీ ఒకే కొలత కాబట్టి సెగ నిలకడగా, చాలాసేపు ఉంటుంది. కానీ నిదానంగా అంటుకుంటుంది, బూడిద ఎక్కువ పోస్తుంది.

ఇప్పుడు ఆ రోజు మావారు చేసింది చూడండి. తొందరగా అంటుకునేదాన్నీ నిదానంగా అంటుకునేదాన్నీ ఒకే గంపలో పోశారు. ఒకటి ఉడికేలోపు ఇంకోటి చల్లారింది. పైగా బిళ్ళల బూడిద జారి కింద గాలి రంధ్రాలు మూసేసింది, దాంతో మిగిలిన ముక్కలకీ ఊపిరాడలేదు. నూనె బొగ్గయితే, ఆ నూనె పూర్తిగా కాలిపోయి బిళ్ళ తెల్లబడేదాకా మీద తిండి పెట్టకూడదు. మధ్యలో కొత్తగా వేయనే కూడదు. మా అమ్మమ్మ కుంపట్లో కిరసనాయిలు పోసినవాళ్ళని ఇంటి పని చేతకానివాళ్ళ కింద లెక్కేసేది.

కలపొద్దని కాదు నేననేది. కలపండి, కానీ వరసగా కలపండి. నేనిప్పుడు చేసే పద్ధతి చెప్తాను, మీకు పనికొస్తే తీసుకోండి.

చేపలు, రొయ్యలు, మొక్కజొన్న పొత్తులు, పనీరు లాంటి పది నిమిషాల వంటలకి ముక్కల బొగ్గు ఒక్కటే చాలు. కలపాల్సిన పనే లేదు. చికెన్ కాళ్ళు పదిహేను మందికి కాల్చాలంటే రెండు పాళ్ళు బిళ్ళలు, ఒక పాలు ముక్కలు. రేకు గొట్టం పొయ్యి, అదే చిమ్నీ అంటారు, దాంట్లో కింద నలిపిన కాగితం పెట్టి బిళ్ళల్ని విడిగా రాజేసి, పైవాటి మీద కూడా బూడిద పొర కట్టాక గ్రిల్లులో ఒక పక్కకి పోయాలి. రెండో పక్క ఖాళీ. చికెన్‌ని ఖాళీ పక్క పెట్టి మూతేస్తే నిదానంగా లోపలిదాకా ఉడుకుతుంది. మాంసం థర్మామీటరు ఎముక దగ్గర గుచ్చితే 165 డిగ్రీల ఫారన్‌హీట్ చూపించాలి. అప్పుడు నిప్పుల మీద ముక్కల బొగ్గు వేసి, అది ఎర్రబడ్డాక చికెన్‌ని ఇటు జరిపి రెండు నిమిషాలు చూపిస్తే పైన ఆ కాలిన రంగు వస్తుంది. బిళ్ళలు ఉడికిస్తాయి, ముక్కలు రంగు తెస్తాయి.

పొగలో మగ్గబెట్టే వంటలకి, గొర్రె భుజం లాంటి వాటికి, నేను ముక్కల బొగ్గు అసలు కలపను. గ్రిల్లు అంచు వెంట రెండేసి బిళ్ళలు పక్కపక్కన, వాటి మీద ఇంకో రెండేసి, సగం చుట్టుదాకా పేరుస్తాను. ఒక కొసన మాత్రం ఏడెనిమిది రాజుకున్న బిళ్ళలు. అగరొత్తి కాలినట్టు ఆ కొస నుంచి ఈ కొసకి గంటల తరబడి నిప్పు నడుస్తుంది. 225 నుంచి 250 డిగ్రీల మధ్య వేడి నిలబడుతుంది. మధ్యలో చిన్నాపెద్దా ముక్కలుంటే ఒక చోట నిప్పు గెంతుతుంది, ఒక చోట ఆరిపోతుంది.

ఇంకో మాట. పొగ రుచి కోసం నాలుగు రకాల బొగ్గులు కలుపుతామంటే నవ్వొస్తుంది నాకు. బొగ్గు తన పొగలో చాలా భాగం బట్టీలోనే వదిలేసి వస్తుంది. మన నోటికి తెలిసే ఆ పొగ రుచి ఎక్కువగా నిప్పుల మీద పెట్టే కట్టె ముక్కది, బొట్లుబొట్లుగా కారే కొవ్వుది. ఓక్ గానీ పెకాన్ గానీ పిడికెడంత ముక్కలు రెండు మూడు ఆ బిళ్ళల వరస మీద అక్కడక్కడా పెడితే చాలు. తెల్లటి దట్టమైన పొగ వస్తుంటే చేదు అంటుతుంది, పలచబడేదాకా ఆగాలి. నాలుగు సంచీలకి పెట్టే డబ్బుతో మంచి మాంసం కొనుక్కోవచ్చు.

ఇంతవరకూ చెప్పింది మాడిన చికెన్ సంగతి. మాడితే మాడింది, పిజ్జా తెప్పించుకుంటాం. నేను మనసు మార్చుకుంది దానికి కాదు.

వాన పెద్దదైంది. గ్రిల్లులో నిప్పులు ఎర్రగా ఉన్నాయి, చికెన్ ఇంకా సగం మిగిలుంది. మావారూ ఇద్దరు స్నేహితులూ కలిసి గ్రిల్లుని చక్రాల మీద గరాజులోకి తోసేశారు. జల్లు లోపలికి కొడుతోందని గరాజు తలుపు సగానికి దించారు. అక్కడే ఓ పక్కన పిల్లలు క్యారమ్స్ ఆడుతున్నారు. నాకు లోపల ఏదో గుబులుగా ఉంది. "బయట పెట్టేద్దామండీ, ఆరిపోతే ఆరిపోయింది" అన్నాను. "తలుపు తెరిచే ఉందిగా. అసలు పొగే లేదు చూడు" అన్నారు. నిజమే, పొగ లేదు. చుట్టూ నలుగురున్నారు, వాళ్ళ ముందు ఆయన్ని చిన్నబుచ్చడం ఎందుకని ఊరుకున్నాను. ఈ ఊరుకోవడం గురించే అసలు ఇదంతా రాస్తున్నాను.

మా అత్తయ్యగారు అప్పుడు మా దగ్గరే ఉన్నారు. మంచినీళ్ళ కోసమని వంటింట్లోకి వచ్చి, గరాజు తలుపు సందులోంచి లోపలికి చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఒరేయ్, కుంపటి గదిలోకి తెచ్చుకుంటార్రా ఎవరైనా?"

"అమ్మా, పొగ లేదమ్మా. నిప్పులే."

"పొగ ఉంటే దగ్గొచ్చి మనిషి బయటికి పరిగెత్తుతాడు. పొగ లేని నిప్పే పడుకోబెట్టేది. బాలింత గదిలో కుంపటి పెడితే మా అమ్మ రాత్రంతా తలుపు దగ్గర కూర్చునేది, ఎవరూ మూసెయ్యకుండా."

ఆవిడ మాట పూర్తవుతుండగానే మా స్నేహితురాలి కూతురు, ఎనిమిదేళ్ళది, క్యారమ్ బోర్డు వదిలేసి వచ్చి "ఆంటీ, తలనొప్పిగా ఉంది, కడుపులో తిప్పుతోంది" అంది. అదే సమయానికి హాల్లో అలారం మోగింది. నాలుగు కూతలు, కాస్త ఆగి మళ్ళీ నాలుగు కూతలు. ఎవరో "బ్యాటరీ అయిపోయిందేమో" అన్నారు. బ్యాటరీ అయిపోతే ఎప్పుడో ఒక్క కూత కూస్తుంది. నాలుగేసి కూతలంటే కార్బన్ మోనాక్సైడ్.

అప్పుడు మాత్రం నేనెవరి మొహమూ చూడలేదు. గరాజు తలుపు పూర్తిగా ఎత్తేసి పిల్లల్ని ముందు వరండాలోకి తోలాను. పెద్దవాళ్ళని లెక్కపెట్టి మరీ బయటికి పిలిచి 911కి ఫోన్ చేశాను. ఫైరింజన్ వాళ్ళు వచ్చి మీటరు పెట్టి చూశారు, గ్రిల్లుని వానలోకి లాగారు, ఇల్లంతా గాలాడించారు, పిల్లల్ని ఒక్కొక్కరినీ పరీక్షించారు. దేవుడి దయ, అందరూ బాగానే ఉన్నారు. నిప్పుల మీద వాన చినుకులు పడి చుయ్‌మంటుంటే మావారు గోడకానుకుని నిలబడి ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున ఖాళీ బొగ్గు సంచీ పారేద్దామని తీస్తే, దాని మీదే హెచ్చరిక అచ్చేసి ఉంది. లోపల కాలిస్తే ప్రాణం పోతుంది, ఆ వాయువుకి వాసనుండదు, ఇళ్ళలో, బళ్ళలో, గుడారాల్లో ఎప్పుడూ కాల్చొద్దని, బొమ్మతో సహా. ఈ దేశంలో ప్రతి బొగ్గు సంచీ మీదా ఆ హెచ్చరిక ఉండాలని నిబంధన. పదకొండేళ్ళుగా ఆ సంచులు మా ఇంటికొస్తున్నాయి. ఒక్కరమూ చదవలేదు. 2021 ఫిబ్రవరిలో ఇదే టెక్సస్‌లో మంచు తుఫానుకి కరెంటు పోయినప్పుడు, చలికి ఓర్వలేక జనం బొగ్గుల గ్రిల్లులు ఇళ్ళలో పెట్టుకున్నారు, గరాజుల్లో కార్లు నడిపి ఉంచారు. వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. అప్పుడు మేమూ ఇక్కడే ఉన్నాం. వార్తల్లో చూసి అయ్యో అనుకున్నాం. మనకి కాదులే అనుకున్నాం.

మా అత్తయ్యగారు ఆ సంచీ మీద ఇంగ్లీషు చదవలేరు. చదవాల్సిన అవసరమూ ఆవిడకి లేదు. వాళ్ళమ్మ తలుపు దగ్గర కూర్చుని నేర్పింది.

అందుకే నేననేది. కుంపట్లు పోయి గ్యాసొచ్చాక ఆడవాళ్ళకి ఆ పొగ బాధ తప్పింది. మంచిదే, ఆ రోజులు మళ్ళీ రావాలని నేను కోరుకోను. కానీ పొగతోపాటు నిప్పు తెలివి కూడా అటకెక్కించేశాం. ఇప్పుడు అదే బొగ్గు వారాంతపు సరదాగా, మగవాళ్ళ ఆటగా తిరిగొచ్చింది. సరదా వచ్చింది గానీ తెలివి దాని వెంట రాలేదు. అది మన అమ్మమ్మల దగ్గరా అత్తయ్యల దగ్గరా ఉండిపోయింది. మనమేమో "మనకెందుకులే, ఆయన చూసుకుంటారు" అని లోపల కూర్చుంటున్నాం. అలా కూర్చోవడం మర్యాద అనుకున్నాను నేను. ఆ రాత్రి వరండాలో పిల్లల తలలు లెక్కపెడుతున్నప్పుడు తెలిసింది, అది మర్యాద కాదు, బద్ధకం. బద్ధకం కాకపోతే భయం.

మగవాళ్ళు గ్రిల్లు ముట్టుకోకూడదని కాదు. వాళ్ళూ చెయ్యాలి, మనమూ చెయ్యాలి, ఇద్దరికీ తెలిసి ఉండాలి. ఇంటి నిప్పు విషయంలో "నీకు తెలీదులే" అనే మాట ఎవరూ ఎవరినీ అనకూడదు. అన్నా మనం ఊరుకోకూడదు. నలుగురి ముందు ఒక నిమిషం చిన్నబోతే ఏమవుతుంది? సాయంత్రానికి మర్చిపోతారు.

ఆ తర్వాత మే నెలాఖరులో మళ్ళీ అదే పదిహేను మందిని పిలిచాం. ముందురోజు రాత్రి మావారు ఉల్లిపాయలు కోశారు, కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ. చికెన్‌కి పెరుగు పట్టించారు, ఉప్పు రెండుసార్లు వేశారనుకోండి. నేను పట్టకారు తీసుకున్నాను. అత్తయ్యగారు కుర్చీ వేసుకుని పక్కన కూర్చుని, "ఇంకా తెల్లబడలేదు, ఆగు" అంటూ పర్యవేక్షణ. గ్రిల్లు ఇంటి గోడకి దూరంగా, ఆకాశం కింద. వానొస్తే మూతేసి రంధ్రాలు మూసెయ్యడమే, తిండి లోపల ఓవెన్లో పూర్తి చేసుకోవడమే అని ముందే అనుకున్నాం. వాన రాలేదు. చికెన్ కూడా బాగానే కుదిరింది, కాస్త ఉప్పెక్కువగా.

అంతా తిన్నాక మూతేసి గాలి రంధ్రాలు మూసేశాను. మిగిలిన బొగ్గు ఆరిపోయి మళ్ళీసారికి పనికొస్తుంది. బూడిద మాత్రం రెండు రోజులు రేకు డబ్బాలో ఉంచి గానీ చెత్తలో వెయ్యను. పైకి చల్లగా కనపడినా నివురు కింద నిప్పుంటుంది. ఆ మాట మనకి సామెతగా తెలుసు, ప్లాస్టిక్ చెత్తకుండీకి తెలీదు కదా. ఆ బిళ్ళల బూడిదతో అంట్లు తోముదామని మా అత్తయ్యగారు సరదాపడ్డారు గానీ, వాటిలో ఇంకేమేం కలుపుతారోనని వద్దన్నాను.

ఈ శనివారం మీ ఇంట్లోనూ గ్రిల్లు బయటికి తీస్తారేమో. ఏ బొగ్గు ఎంత కలపాలన్నది తర్వాత చూసుకుందురు గానీ, ముందు లేచి హాల్లో అలారం బటన్ నొక్కి చూడండి, మోగుతోందో లేదో.